గుంట నీటికి కాపలా గంట



కోట, వాకాడు, చిల్లకూరు ప్రాంతాల్లో, మన తీరాన రొయ్యల గుంట పెట్టిన రైతుకు రెండు కళ్ళు చాలవు. ఒక కన్ను మేత మీద, ఒక కన్ను ఏరియేటర్ల మీద పెడితే, ఇక నీటి మట్టాన్ని చూసే కన్నేది? పగలైతే కట్ట మీద నడుస్తూ కొలకర్ర చూసుకుంటాము. రాత్రి రెండు గంటలకు తూము పలక సడలి నీరు జారిపోతుంటే ఎవరు చూస్తారు? కాపలా మనిషి కూడా మనిషే కదా. తెల్లవారుజామున అతని కన్ను మూతపడితే తప్పు పట్టలేము. కనుక నిద్రపోని కాపలాదారు ఒకడిని గుంట దగ్గర ఎలా నిలబెట్టుకోవాలో ఈ పూట చెప్పుకుందాము.

ముందు ఒక చిన్న లెక్క. ఎకరం గుంటలో ఒక్క అంగుళం నీరంటే లక్ష లీటర్లకు పైమాటే. గంటకు ఒక అంగుళం చొప్పున జారిపోతే, రాత్రి పది నుంచి ఉదయం ఆరు లోపల ఎనిమిది లక్షల లీటర్లు పోయినట్లే. ఆ నీటితో పాటు రొయ్య పోతుంది. మనం బ్లీచింగు వేసి, నిలవబెట్టి తయారు చేసుకున్న నీరూ పోతుంది. పోయిన నీరు ఊరికే పోదు, పక్కవాడి కాలువలో పడుతుంది. 1994 చివర తెల్లమచ్చ తెగులు మన తీరాన్ని ఎలా ఊడ్చిపెట్టిందో పెద్దవాళ్ళు మరచిపోలేదు. 2009 నుంచి వనామీ రొయ్య వచ్చినా ఆ తెగులు భయం పోలేదు. ఒక గుంట నీరు ఇంకొక గుంటలోకి చేరడమే తెగులుకు రాజబాట. అందుచేత నీటి మట్టానికి కాపలా పెట్టడం మన సొంత లాభం కోసమే కాదు, ఇరుగుపొరుగు క్షేమం కోసం కూడా.

ఈ కాపలాలో పనులు రెండు. నీరు తగ్గితే మోటారు వేసి, నిండితే ఆపడం ఒకటి. ఏదైనా తేడా వస్తే మనిషిని పిలవడం రెండవది. ఈ రెండూ వేరు వేరు పనులు. వీటిని ఒక్కడికే అప్పగించరాదు. ఈనాటి ప్రసంగంలో మీరు గుర్తు పెట్టుకోవలసిన ముఖ్యమైన మాట ఇదే. ఎందుకో వరుసగా చెబుతాను.

మొదట మోటారు సంగతి. కాలువ నుంచి నీరు తోడి రిజర్వాయరు గుంట నింపుతాము. ఇక్కడ ఫ్లోటు స్విచ్చి వాడతాము. అది వైరు చివర వేలాడే ప్లాస్టిక్ బుడ్డి. నీరు పెరిగితే బుడ్డి తేలి తలకిందులవుతుంది, లోపలి స్విచ్చి మారుతుంది. వైరును ఒక చోట బిగించి కట్టాలి. కట్టిన చోటి నుంచి బుడ్డి దాకా ఎంత వైరు వదిలితే, మోటారు వేసే మట్టానికీ ఆపే మట్టానికీ అంత తేడా వస్తుంది. మరీ కురచగా కడితే అల వచ్చినప్పుడల్లా మోటారు పడుతూ లేస్తూ ఉంటుంది. స్టార్టరు టకటకలాడి, చివరకు కాలేది మోటారే. మట్టాల మధ్య తేడా ఎక్కువ కావాలంటే పైన ఒకటి, కింద ఒకటి, రెండు ఫ్లోట్లు పెట్టుకోవచ్చు.

రిజర్వాయరులో ఒక్క ఫ్లోటు సరిపోదు. కాలువలో పోటు ఉన్నప్పుడు నీరు నిండుగా ఉంటుంది, ఆటు వచ్చిందంటే పీల్చే గొట్టం మూతి బయటపడుతుంది. అప్పుడు పంపు నీటికి బదులు గాలి పీల్చి వేడెక్కి చెడుతుంది. కాబట్టి గొట్టం మూతి దగ్గర కూడా ఒక ఫ్లోటు ఉండాలి. గుంట నిండకుండా ఉండాలి, కాలువలో నీరూ ఉండాలి. ఈ రెండూ కుదిరితేనే మోటారు తిరగాలి. రెండు ఫ్లోట్లనూ ఒకదాని వెంట ఒకటి కలిపి కడితే ఈ షరతు దానంతట అదే నెరవేరుతుంది.

ఇప్పుడు రిలే సంగతి. రిలే అంటే ఒక చిన్న కాయిలు, దాని ముందు ఒక మీట. కాయిలుకు కొద్దిపాటి కరెంటు అందితే మీటను లాగుతుంది, ఆ మీట పెద్ద కరెంటును కలుపుతుంది. పూర్వం తంతి తీగల్లో దూరం పోయి నీరసించిన కరెంటుకు కొత్త బలం ఇచ్చింది ఈ సాధనమే. మన పొలంలో దీని పని ఇంకా గొప్పది. అది మన ప్రాణం కాపాడుతుంది. ఎట్లాగంటారా? చాలా మంది ఫ్లోటు వైరును తిన్నగా స్టార్టరు కాయిలుకు కలిపేస్తారు. త్రీఫేజు మోటారు స్టార్టర్లలో చాలా వాటికి ఆ కాయిలు 415 వోల్టులది. అంటే 415 వోల్టుల తీగను ఉప్పునీటిలోకి దించినట్లే. వైరు తోలు ఒక చోట చిట్లితే, గుంటలో దిగిన మనిషి గతి ఏమిటి? ఈ పద్ధతి వద్దే వద్దు. నడుమ ఒక ట్రాన్స్‌ఫార్మరు, ఒక రిలే పెట్టి, ఫ్లోటు వైరులో 12 గాని 24 గాని వోల్టులు మాత్రమే పారేటట్లు చేయించండి. మోటారుకు మంచి ఎర్తు, 30 మిల్లీ ఆంపియర్లకే పడిపోయే లీకేజి బ్రేకరు తప్పనిసరి. ఈ పని లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియను చేతనే చేయించాలి. ఖర్చు తగ్గించుకోవలసిన చోటు ఇది కాదు.

ఇక గంట సంగతి. మీలో ఎవరైనా అడగవచ్చు: ‘ఏందయ్యా, మోటారు ఆపే ఫ్లోటు ఉండాది కదా, దానికే గంట కూడా తగిలిస్తే పోలా?’ అని. పోతుంది, ఆ పోయేది మన గుంటే! ఆ ఫ్లోటు నాచు పట్టి ఇరుక్కుపోయిందనుకోండి. మోటారు ఆగదు, గంట కూడా మోగదు. ఏ లోపం వల్ల ఆపద వచ్చిందో, ఆ లోపమే మన నోరు కూడా కట్టేస్తుంది. దొంగతనం చేసినవాడినే కాపలా పెట్టినట్లవుతుంది. అందుకని గంటకు వేరే ఫ్లోట్లు, వేరే వైరు, వేరే బ్యాటరీ ఉండాలి.

గంటను కట్టే పద్ధతులు కూడా రెండు. ఆపద వచ్చినప్పుడు కరెంటు పారి గంట మోగేటట్లు కట్టడం ఒకటి. ఆపద లేనంత సేపు కరెంటు పారుతూ, ఆపద రాగానే ఆగి, రిలే మీట వదిలి గంట మోగేటట్లు కట్టడం రెండవది. రెండవదే పట్టండి. ఊళ్ళో గస్తీవాడు రాత్రి గంట గంటకూ కేక వేస్తాడు. కేక వినబడినంత సేపు మనం నిద్రపోతాము, వినబడనప్పుడే లేచి చూస్తాము. ఇదీ అంతే. మొదటి పద్ధతిలో ఎలుక వైరు కొరికితే గంట నోరు పడిపోతుంది, మనకు తెలియనే తెలియదు. రెండవ పద్ధతిలో వైరు తెగినా, జాయింటు తుప్పు పట్టినా, నీరు తగ్గినా గంట మోగి తీరుతుంది. బ్యాటరీకి చిన్న చార్జరు ఎప్పుడూ తగిలించి ఉండాలి. చార్జరుకు వచ్చే కరెంటు పోయినా ఇదే గంట మోగేటట్లు ఇంకొక రిలే కలపమనండి. ఏరియేటర్లు ఆగిన సంగతి కూడా అప్పుడే తెలుస్తుంది.

గంటకు ఫ్లోట్లు రెండు. మీ గుంటలో మామూలు మట్టానికి రెండు అంగుళాల కింద ఒకటి, కట్ట మీదికి నీరు ఎక్కే లోపల మనకు లేచి వచ్చే వ్యవధి ఉండేటట్లు పైన ఒకటి. కింది ఫ్లోటు తేలినంత సేపు, పై ఫ్లోటు వేలాడినంత సేపు కరెంటు పారేటట్లు రెండింటినీ ఒకే వరుసలో కట్టించండి. ఏరియేటరు అలలకు ఊరికే మోగకుండా, చిల్లులు వేసిన లావుపాటి పీవీసీ గొట్టం గుంటలో నిలబెట్టి, ఫ్లోటు దానిలో తిరిగేంత చోటు ఉండేటట్లు చూసుకోండి. ఫ్లోటు మారిన తరువాత కొన్ని సెకండ్లు ఆగి మోగే టైమరు కూడా వేయించవచ్చు.

పై ఫ్లోటు ఎందుకని తేలికగా తీసుకోవద్దు. మన తీరంలో పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు లోపల పడతాయి. 2015 నవంబరు, 2021 నవంబరు వరదలు, 2023 డిసెంబరు మిచౌంగ్ తుపాను మీకు గుర్తుండే ఉంటాయి. నాలుగు అంగుళాల వాన పడితే ఎకరం గుంటలోకి నాలుగు లక్షల లీటర్ల పైచిలుకు మంచినీరు చేరుతుంది. వాన నీరు ఉప్పునీటి కంటే తేలిక గనుక వెంటనే కలవక పైనే నిలుస్తుంది. కనుక గంట మోగగానే తూములో పై పలక మాత్రమే తీసి పైనీటిని వదలండి, తూము జాలి ఊడకుండా చూసుకోండి. అడుగు పలక తీస్తే మంచి నీరు ఉండిపోయి, మనకు కావలసిన ఉప్పునీరు పోతుంది.

కరెంటు పోయి వచ్చినప్పుడు ఇంకొక జాగ్రత్త. అన్ని మోటార్లూ ఒక్కసారిగా తిరిగితే ట్రాన్స్‌ఫార్మరు తట్టుకోలేదు. 2018లో తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల కరెంటు ఇచ్చినప్పుడు ఆటో స్టార్టర్లు తీసివేయమని అధికారులు రైతులను కోరారు. కరెంటు రాగానే నీరు ఉన్నదీ లేనిదీ, అవసరం ఉన్నదీ లేనిదీ చూడకుండా అవి బోరు తోడేస్తాయి. మనం చెప్పుకున్న ఫ్లోటు ఉంటే అవసరం లేనప్పుడు మోటారు తిరగదు. దానికి తోడు ఒక్కొక్క మోటారూ ఒకటి రెండు నిమిషాల తేడాతో వేసుకునేటట్లు టైమరు పెట్టుకుంటే మోటారూ నిలుస్తుంది, ట్రాన్స్‌ఫార్మరూ నిలుస్తుంది.

ఈనాడు ఫోనుకు కబురు పంపే పెట్టెలు కూడా వచ్చాయి. మంచివే, పెట్టుకోండి. కాని తుపాను రాత్రి సెల్ టవరు పనిచేయకపోవచ్చు. ముందు గంట, తరువాతే ఫోను.

చివరగా పోషణ. ఉప్పుగాలి ఇనుమునూ రాగినీ తినేస్తుంది. పెట్టెను వరద నీరు అందని ఎత్తులో, నీడన బిగించి, వైర్లు అడుగు నుంచి లోపలికి పోనివ్వండి. నీటిలో వైరుకు జాయింటు ఉండరాదు. వారానికొకసారి ఫ్లోట్లకు పట్టిన నాచు, నత్తలు గీకివేయండి. ఆ రోజే కింది ఫ్లోటును తాడుతో దించి, పై ఫ్లోటును ఎత్తి, గంట మోగుతున్నదో లేదో చెవులారా వినండి. తరువాత చార్జరు ప్లగ్గు తీసి కూడా చూడండి. పరీక్ష చేయని గంట, లేని గంటతో సమానం. కొలకర్రను మాత్రం పీకివేయవద్దు. గంట మనల్ని లేపుతుంది, నిజం చెప్పేది కొలకర్రే.

వానలు మొదలు కాకముందే ఈ పని ముగించుకోండి. గంట మోగని రాత్రి హాయిగా నిద్రపోండి, మోగిన రాత్రి వెంటనే లేవండి.