పంచాయతీ లెక్క ఎవరైనా అడగొచ్చు



1994 డిసెంబరు. రాజస్థాన్, పాలీ జిల్లా, కోట్ కిరానా. ఆ ఊళ్లో కూలీల, రైతుల సంఘమైన మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ జనాన్ని కూర్చోబెట్టి, ప్రభుత్వ పనుల మస్టర్ రోల్స్ (కూలీల హాజరు పట్టీలు) పైకి చదివింది. పనికే వెళ్లనివాళ్ల పేర్ల మీద కూలి రాసుంది! అధికారులు కాదు, ఆ ఊరి కూలీలే తప్పు పట్టుకున్నారు. 2005 సమాచార హక్కు చట్టానికి దారివేసిన పోరాటాల్లో అదొకటి.

ఆ తర్వాత ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఉపాధి హామీ పనుల్లో ఇలా జనమే లెక్క సరిచూసే సామాజిక తనిఖీని పెద్దఎత్తున నడిపింది. చదువుకున్న పల్లె యువకులే ఇంటింటికీ తిరిగి, జాబ్ కార్డుకూ రికార్డుకూ పొంతన చూశారు.

మరి మన పంచాయతీ?

ఇంటి పన్ను మనమే కడతాం. ఆర్థిక సంఘం నిధులూ వస్తాయి. కానీ పంచాయతీ అప్పు సంగతి చాలామంది అడగరు. వీధి దీపాలకూ నీళ్ల మోటారుకూ కరెంటు బిల్లు బకాయి పడితే, అదీ ఊరి అప్పే. కాబట్టి గ్రామసభలో మూడే ప్రశ్నలు: ఎంతొచ్చింది? దేనికి పెట్టారు? ఎంత బాకీ? వోచరు చూపించమనండి. మోటారు రిపేరు బిల్లుంటే, మోటారు దగ్గరికే వెళ్లి చూడండి.

జవాబు రాకపోతే సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. ఆంధ్రప్రదేశ్‌లో గ్రామ స్థాయి కార్యాలయంలో పెట్టే దరఖాస్తుకు రుసుము లేదు. జవాబు ఇవ్వడానికి గడువు 30 రోజులు. ఈ-గ్రామ్ స్వరాజ్ వెబ్‌సైటులో మీ పంచాయతీ చెల్లింపులు కూడా కనిపిస్తాయి.