దిగువవాని హక్కు

 

ధార్మిక సోదరులారా! మదీనాలో తోటలకు పారే కాలువ నీటిపై హజ్రత్ జుబైర్ (రజి)కు, ఒక అన్సారీకి వివాదం వచ్చింది. ఎగువనున్న జుబైర్ తన తోట తడుపుకొని, ఆపై నీటిని పొరుగువానికి విడువాలని దైవప్రవక్త (స) తీర్పు చెప్పారు. ఎగువవానికి ముందుగా వాడుకునే హక్కుంది. అవసరానికి మించి ఆపుకునే హక్కు లేదు. ఆ తీర్పులో దిగువనున్నది మనిషి. అక్కడ నోరులేని జీవులుంటే వాటి పక్షాన ఎవరు మాట్లాడాలి?

మహాసముద్రపు ఒడ్డు లేని దేశాలన్నింటిలో పెద్దది కజకిస్తాన్. రాజధాని అస్తానాకు నైరుతిన తెంగిజ్, కోర్గల్జిన్ సరస్సులున్నాయి. నూరా నది అక్కడే ఆగిపోతుంది. తెంగిజ్ నుండి నీరు బయటికి పోయే దారి లేదు. వసంతంలో మంచు కరిగి వచ్చే వరదే ఆ సరస్సులకు ప్రాణం. కనుక పైన తోడిన ప్రతి బిందెడూ అక్కడ లోటే. తెమిర్తావ్‌లోని రసాయన కర్మాగారం నుండి దశాబ్దాలపాటు ఆ నదిలో పాదరసం చేరింది. చివరికి ఆ మట్టిని తవ్వి తీయవలసి వచ్చింది. ఫ్లెమింగోలు గూళ్ళు కట్టే స్థలాలలో ప్రపంచంలో బాగా ఉత్తరాన ఉన్నవాటిలో తెంగిజ్ ఒకటి. ఆ సరస్సులు 1976లో రామ్సర్ జాబితాలోనూ, 2008లో యునెస్కో వారసత్వ జాబితాలోనూ చేరాయి. రామ్సర్ అన్నది ఇరాన్‌లోని ఒక పట్టణం పేరని మనలో చాలామందికి తెలియదు. 1971లో ఆ ఒడంబడిక కుదిరింది అక్కడే.

అరల్ సముద్రానికి వచ్చే నదులను పత్తి చేలకు మళ్ళించగా, 1960ల నుండి అది ఎండుతూ వచ్చింది. 2005లో కోక్-అరల్ ఆనకట్ట పూర్తయ్యాక ఉత్తర భాగంలో నీరు పెరిగింది, చేపలు తిరిగి వచ్చాయి. దక్షిణ భాగానికి ఆ భాగ్యం దక్కలేదు.

మధ్య ఆసియా నుండి మన దేశానికి వచ్చే పక్షుల దారిలోనే కొల్లేరు, పులికాట్ ఉన్నాయి. కొల్లేరు 2002లో రామ్సర్ జాబితాకెక్కింది. 2006లో ప్రభుత్వం అక్కడి చేపల చెరువుల గట్లు తెగగొట్టింది; తరువాత గట్లు మళ్ళీ లేచాయి. బాతు మాంసం హలాలే కదా అని మమ్మల్ని అడిగేవారున్నారు. మాంసం హలాల్ కావడం వేరు, వలస వచ్చిన గుంపును రాత్రి వలవేసి పట్టి అమ్ముకోవడం వేరు. పిల్లలను పోగొట్టుకుని రెక్కలు కొట్టుకుంటున్న పక్షిని చూసి, వాటిని తిరిగి ఇచ్చివేయమన్నారు మన ప్రవక్త (స).

మన జమాఅత్‌లో చెరువులు లీజుకు తీసుకున్న సోదరులున్నారు. ఈ వేసవిలో గట్టు ఎత్తు పెంచేముందు, దిగువకు నీరు పోయే తూము తెరిచే ఉందో లేదో చూడండి. లెక్క తేలకపోతే అసర్ తరువాత రండి. మేము మసీదులోనే ఉంటాము.