ఒకే రోజు అయిదు మెడికల్ కాలేజీలు: సీటొస్తే ఏం చూడాలి?

2023 సెప్టెంబర్ 15. ఆ ఒక్క రోజే ఆంధ్రప్రదేశ్‌లో అయిదు ప్రభుత్వ మెడికల్ కాలేజీలు ప్రారంభమయ్యాయి. విజయనగరం, రాజమహేంద్రవరం, ఏలూరు, మచిలీపట్నం, నంద్యాల. ఒక్కోదాంట్లో 150 సీట్లు, మొత్తం 750.

సరే, సీట్లు పెరిగాయి. మరి పాఠం చెప్పేవాళ్లో? ఒక అసిస్టెంట్ ప్రొఫెసర్ తయారవ్వాలంటే ఎంబీబీఎస్‌కి అయిదున్నరేళ్లు, పీజీకి మూడేళ్లు, సీనియర్ రెసిడెంట్‌గా ఇంకో ఏడాది. దగ్గర దగ్గర పదేళ్లు! బిల్డింగ్ అంతకంటే చాలా ముందే లేచిపోతుంది.

అలాగని కొత్త కాలేజీలో సీటొస్తే వదులుకోవాలా? అక్కర్లేదండీ. వైద్యం పేషెంట్ మంచం పక్కన నిలబడితేనే వస్తుంది. జిల్లా ఆసుపత్రికి పేషెంట్ల కొరత ఉండదు కదా!

కాబట్టి వెబ్ ఆప్షన్లు పెట్టుకునే ముందు మూడు విషయాలు కనుక్కోండి. ఓపీకి రోజూ ఎంతమంది వస్తున్నారు? ఏయే విభాగాల్లో ప్రొఫెసర్లు ఉన్నారు? హాస్టల్ సిద్ధంగా ఉందా? అక్కడే చదువుతున్న వాళ్లని అడగండి, ఉన్నది ఉన్నట్టు చెప్పేస్తారు.

మొదటి బ్యాచ్ వాళ్లకి అడగడానికి సీనియర్లే లేరు. మీకు వాళ్లున్నారు. మొహమాటపడకుండా అడిగేయండి. ఉంటా మరి!