వంశంలో వున్నది తెలుసుకోవాలంటే



అమీర్‌పేట మైత్రీవనం నుంచి పంజగుట్ట చౌరస్తా దాకా వెళ్తూంటే కోచింగు సెంటర్ల బోర్డుల మధ్య రక్తపరీక్షల బోర్డులూ కనబడతాయి. ఈమధ్య జన్యు పరీక్షల ప్రకటనలు కూడా వస్తున్నాయి. చిన్న గొట్టంలో ఉమ్మి వేసి యిస్తే చాలు, ముందు ముందు ఏ జబ్బులొస్తాయో, ఆయుష్షు ఎలా పెంచుకోవాలో చెప్పేస్తారట! జాతకం వేయించినంత సులభమన్నమాట. కాని ఫలానావారు యిన్నేళ్ళు బ్రతుకుతారని చెప్పగల జన్యు పరీక్ష ఎక్కడా లేదు. ఆ ఆశతో డబ్బు పొయ్యకండి.

అలాగని యీ శాస్త్రమంతా వట్టిదనుకోకూడదు. మన హబ్సిగూడలోని సి.సి.ఎం.బి. శాస్త్రజ్ఞులు హార్వర్డు వారితో కలిసి 2017లో వొక సంగతి ప్రకటించారు. మన దేశంలో చాలా కులాలవారు తరతరాలుగా తమలో తామే పెళ్ళిళ్ళు చేసుకోవటంవల్ల, కొద్దిమంది పూర్వీకుల జన్యులోపాలు వారిలో ఎక్కువగా నిలిచిపోయాయి. వారు చూపిన ఉదాహరణ మన వైశ్యులదే. వారిలో కొందరికి రక్తంలో వొక ఎంజైము లోపం వుంటుంది. మామూలు రోజుల్లో దానివల్ల ఏ యిబ్బందీ లేదు. ఆపరేషను వేళ మత్తుతోపాటు కండరాలు సడలటానికి యిచ్చే వొక మందు మాత్రం వారికి త్వరగా దిగదు. ఊపిరి తమంతట తాము తీసుకోలేరు. ముందే తెలిస్తే డాక్టరు వేరే మందు వాడతారు. అంతే! కనుక మీ యింట్లో ఎవరికైనా ఆపరేషను తరువాత తెలివి రావటం, ఊపిరి అందటం బాగా ఆలస్యమైతే, ఆ మాట మత్తు డాక్టరుకు తప్పక చెప్పండి.

ఇక తలసీమియా సంగతి. రక్తం తక్కువగా వుందని ఐరన్ మాత్రలు నెలల తరబడి మింగినా గుణం కనబడని ఆడవాళ్ళు కొందరుంటారు. వారిలో కొందరు తలసీమియా వాహకులు కావచ్చు. వాహకులంటే రోగులు కారు, సుఖంగా జీవిస్తారు. భార్యా భర్తా యిద్దరూ వాహకులైతేనే చిక్కు: ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట వొక వంతు. ఆ బిడ్డకు రెండు మూడు వారాలకొకసారి రక్తం ఎక్కించాలి. హెచ్.బి.ఎ2 అనే రక్తపరీక్షతో యీ వాహకత్వం సాధారణంగా బయటపడుతుంది. పెళ్ళికి ముందో, కాన్పుకు ముందో చేయించుకోవచ్చు.

ఇక్కడ వొక మాట చెప్పక తప్పదు. బిడ్డకు జబ్బు వస్తే మన యిళ్ళలో కోడలివైపే వేలు చూపిస్తారు. యీ జబ్బు రావాలంటే తండ్రి నుంచి వొకటి, తల్లి నుంచి వొకటి, రెండు లోపాలూ కలవాలి. అత్తగార్లు యిది వింటే బాగుండును! మేనరికాల్లో యీ కలయిక ఎక్కువ. మేనబావను చేసుకుంటే దంపతుల జన్యువుల్లో ఎనిమిదింట వొక వంతు వొకటే అయివుంటాయి. మేనమామను చేసుకుంటే నాలుగింట వొక వంతు.

రొమ్ము కేన్సరుకు కూడా జన్యు పరీక్ష వున్నది. తల్లికో అక్కకో చిన్న వయసులోనే వచ్చివుంటే దాన్ని గురించి ఆలోచించాలి. అయితే వీలైనంతవరకు జబ్బు వచ్చినవారికే ముందు చేయాలి. వారిలో ఏ లోపముందో తెలిస్తేనే మిగతావారిలో వెతకటానికి అర్థముంటుంది. ఏమీ కనబడలేదని మామూలు పరీక్షలు మానెయ్యకూడదు సుమండీ.

ఇటువంటి సలహాకు పంజగుట్ట నిమ్స్‌లో జన్యు వైద్య విభాగం వున్నది. అమీర్‌పేట పక్కనే బేగంపేటలో ఉస్మానియా వారి జన్యుశాస్త్ర సంస్థ వున్నది. ప్రకటన చూసి కాక, డాక్టరు అడిగిన పరీక్షనే చేయించండి. కడుపులోది ఆడా మగా అని మాత్రం అడక్కండి. 1994 నాటి చట్టం ప్రకారం అది నేరం.

వెళ్ళేటప్పుడు వొక కాగితం మీద పుట్టింటివారు, అత్తింటివారు మూడు తరాలు వ్రాసుకెళ్ళండి. ఎవరికి ఏ జబ్బు, ఎన్నో యేట వచ్చింది, ఎవరిది మేనరికం, ఏ పసిబిడ్డలు దక్కలేదు, అన్నీ. పెద్ద మేనత్తలను అడగండి, వాళ్ళకు పేర్లతో సహా గుర్తుంటాయి.