సిపాయిని చేర్చుకోవడం, నిలుపుకోవడం



బరంపురానికి సమీపంలోని గోపాల్‌పూర్‌లో ఆర్మీ నియామక కార్యాలయం ఉన్నది. చిలికా సరస్సు ఒడ్డున నౌకాదళ శిక్షణ కేంద్రం ఉన్నది. దేశం నలుమూలల నుండి నావికులుగా ఎంపికైన వారు తొలి శిక్షణ పొందేది అక్కడే. కనుక సైన్యంలో నియామకమనేది ఈ నగరానికి ఢిల్లీలో జరిగే దూరపు వ్యవహారం కాదు. తెల్లవారక మునుపే లేచి రోడ్డు వెంట పరుగు సాధన చేసే కుర్రవాళ్ళు ఉన్న ఇళ్ళకు ఆ సంగతి చెప్పనక్కర లేదు.

ఈ విషయంలో ప్రశ్నలు రెండు. సైన్యం యువకుణ్ణి ఏ విధంగా చేర్చుకుంటుంది? చేరిన వానిని ఏ విధంగా నిలుపుకుంటుంది? మొదటి ప్రశ్నకు జవాబు చెప్పడానికి ప్రకటనలు, దళారులు, శిక్షణ సంస్థలు ఎన్నో ఉన్నవి. రెండవ ప్రశ్నను అడిగేవారు తక్కువ. ఏ దేశపు సైన్యానికైనా బలం ఆ రెండవ ప్రశ్నకు దొరికే జవాబులోనే ఉన్నది.

పూర్వచరిత్ర కొంత చూడవలసి ఉన్నది. పద్దెనిమిదవ శతాబ్దంలో యూరోపియన్ పద్ధతిలో కవాతు నేర్చిన తొలి భారతీయ సిపాయిలలో తెలుగువారు అధికంగా ఉండేవారు. అందుచేత ఉత్తర భారతంలో అటువంటి సిపాయి ఏ ప్రాంతం వాడైనా “తిలంగా” అనే పేరు స్థిరపడినది. 1857లో ఢిల్లీ ప్రజలు అవధ్ ప్రాంతం నుండి వచ్చిన సిపాయిలను సైతం తిలంగాలనే పిలిచారు. ఒక జాతి పేరే ఒక వృత్తి పేరుగా మారినదంటే ఆనాటి నియామకాలలో తెలుగువారి పాలు ఎంతటిదో ఊహించవచ్చు.

అదే కాలంలో నిలుపుకోవడం చేతకాని ఉదంతం కూడ ఒకటి జరిగినది. 1780 అక్టోబరులో హైదరాలీతో యుద్ధానికి మద్రాసు వెళ్ళవలసినదిగా విశాఖపట్నంలోని సిపాయిలను ఓడ ఎక్కమన్నారు. వారు నిరాకరించి తిరగబడ్డారు. సముద్రప్రయాణం ఆనాటి సిపాయికి మతాచారానికీ, కుటుంబానికీ సంబంధించిన పెద్ద సంగతి. 1806లో వేలూరు కోటలో జరిగిన తిరుగుబాటుకు కొత్త తలపాగా, నుదుటి బొట్టు, గడ్డం వంటి వాటిపై పెట్టిన ఆంక్షలు ముఖ్య కారణాలు. ఈ రెండు సంఘటనల సారం ఒకటే. జీతం తీసుకున్నవాడు తన గౌరవాన్ని అమ్ముకోలేదు. ఆ సంగతి మరచిన అధికారికి సిపాయి మిగలడు.

పందొమ్మిదవ శతాబ్దపు చివర మరొక అన్యాయం జరిగినది. 1881 నుండి మద్రాసు సేనాధిపతిగా, 1885 నుండి భారత సేనాధిపతిగా ఉన్న రాబర్ట్స్ దొర, యుద్ధానికి తగిన జాతులు కొన్నే ఉన్నవనీ, దక్షిణాది వారు ఆ కోవలోకి రారనీ గట్టిగా నమ్మాడు. మద్రాసు పటాలాలలో దక్షిణాది వారికి చోటు తగ్గుతూ వచ్చినది. కొన్ని పటాలాలలో వారి స్థానే పంజాబు వారిని నింపి, పేరు కూడ పంజాబీ అని మార్చారు. అప్పుడు గంజాం జిల్లా మద్రాసు రాజధానిలోనిదే. 1936లో గాని ఒడిశాలో చేరలేదు. కనుక ఆ దెబ్బ ఇక్కడి వారికి కూడ తగిలినదే.

ఆ సిద్ధాంతం ఎంత బోలుదో రెండవ ప్రపంచ యుద్ధం తేల్చినది. మనుషులు కావలసి వచ్చేసరికి వీరజాతుల జాబితా ప్రక్కకు పోయినది. మద్రాసు రెజిమెంటును తిరిగి నెలకొల్పారు. పశ్చిమ గోదావరి జిల్లాలోని మాధవరం గ్రామం నుండి రెండు ప్రపంచ యుద్ధాలకూ పెద్ద సంఖ్యలో యువకులు వెళ్ళారు. తరువాత కూడ ఇంటింటి నుండి సైన్యంలో చేరుతూనే వచ్చారు. ఆ ఊరికి మిలిటరీ మాధవరమని పేరు వచ్చినది అందుకే. ఒక తరం సుఖంగా తిరిగి వస్తేనే రెండవ తరం బయలుదేరుతుంది. తాతగారి పింఛను, తండ్రిగారి పతకం, ఊరిలో వారికి దొరికిన మన్నన, ఇవే అక్కడి నియామక ప్రకటనలు.

స్వాతంత్ర్యానంతరం నియామకాలలో న్యాయం కొంత స్థిరపడినది. ఒక్కొక్క రాష్ట్రంలో అర్హులైన పురుషుల జనాభాను బట్టి ఆ రాష్ట్రానికి పాలు ఉండాలన్న సూత్రం 1966లో వచ్చినది. సిపాయిగా చేరినవాడు 15 ఏళ్ళు సేవ చేస్తే జీవితాంతం పింఛను లభించేది. ఒకే హోదా, ఒకే సేవాకాలం గలవారికి ఒకే పింఛను ఉండాలన్న కోరికను ప్రభుత్వం దీర్ఘకాలపు ఆందోళన తరువాత 2015లో ఆమోదించి, 2014 జులై నుండి వర్తింపజేసినది. ముప్పై అయిదేళ్ళ వయస్సులో ఇల్లు చేరే మనిషికి ఆ పింఛనే వెన్నెముక.

కోవిడ్ వలన రెండేళ్ళ పాటు ఆర్మీ నియామకాలు ఆగిపోయినవి. ఆ రెండేళ్ళలో ఎందరో వయోపరిమితి దాటిపోయారు. 2022 జూన్ 14న అగ్నిపథ్ పథకం ప్రకటింపబడినది. దీని లెక్కలు తల్లిదండ్రులు సరిగా తెలిసికొనవలసి ఉన్నది. సేవాకాలం శిక్షణతో కలిపి నాలుగేళ్ళు. జీతం మొదటి ఏడు నెలకు రూ. 30,000, నాలుగవ ఏడు రూ. 40,000. ఇందులో 30 శాతం సేవానిధికి పోతుంది. కనుక మొదటి ఏడు చేతికి వచ్చేది రూ. 21,000. సేవానిధికి ప్రభుత్వం కూడ అంతే మొత్తం కలుపుతుంది. నాలుగేళ్ళ చివర వడ్డీతో కలిపి సుమారు రూ. 11.71 లక్షలు, పన్ను లేకుండా, అందుతుంది. రూ. 48 లక్షల జీవిత బీమా ఉన్నది. పింఛను గాని, గ్రాట్యుటీ గాని లేవు. మాజీ సైనికుని హోదా కూడ లేదు. జట్టులో 25 శాతం మించకుండ మాత్రమే స్థిరమైన కొలువుకు తీసుకుంటారు.

ప్రభుత్వం చెప్పే కారణాలు తేలికగా తీసివేయదగినవి కావు. సిపాయిల సగటు వయస్సు నాలుగైదేళ్ళు తగ్గాలన్నది ఒక కారణం. పర్వతాల మీద పోరాడే దళానికి యౌవనం అవసరమే. విమర్శకుల మాట కూడ తేలిక కాదు. పటాలమంటే ఒకరి ప్రాణం మరొకరి చేతిలో పెట్టుకొనే బంధుత్వం. అది కుదరడానికి ఏళ్ళు కావాలి. పని చేతికి వచ్చే వేళకు నలుగురిలో ముగ్గురు ఇంటిదారి పడితే ఆ బంధుత్వం ఎట్లా నిలుస్తుందని వారి ప్రశ్న. కొరత సంగతి కూడ ఉన్నది. 2023లో ప్రభుత్వం పార్లమెంటుకు తెలిపిన ప్రకారం ఆర్మీలో సుమారు 1.36 లక్షల ఖాళీలు ఉండినవి.

ఈ వాదంలో ఎవరిది పైచేయి అన్నది కాలం తేలుస్తుంది. ఒక సంగతి మాత్రం ఇప్పుడే స్పష్టం. 2022 చివర నావికులుగా చేరిన మొదటి జట్టు 2023 మార్చి 28న చిలికాలో, సూర్యాస్తమయం తరువాత, పట్టా కవాతు జరిపినది. వారిలో 273 మంది యువతులు. ఆ జట్టుకు నాలుగేళ్ళు నిండేది 2026 చివర. తరువాత ప్రతి ఏటా ఇరవై ఒకటి నుండి ఇరవై అయిదు ఏళ్ళ మధ్య వయస్సు గల శిక్షితులు ఊళ్ళకు తిరిగి వస్తూనే ఉంటారు. వారిని నిలుపుకొనే భారం ఇక సైన్యానిది కాదు, ఊరిది.

ఒడిశా ప్రభుత్వం 2024లో రాష్ట్ర యూనిఫారం కొలువులలో అగ్నివీరులకు 10 శాతం పాలు, వయస్సులో 5 ఏళ్ళ సడలింపు ప్రకటించినది. మంచిదే. అయితే ప్రకటన కాగితం మీద ఉండగా సరిపోదు. తిరిగి వచ్చినవాని పేరు, నేర్చిన పని, చదువు నగరపాలక సంస్థ వద్ద ఒక పుస్తకంలో ఉండాలి. వాహనాల మరమ్మతు, విద్యుత్తు, నిఘా, అగ్నిమాపక పని నేర్చినవారు నగరానికి కావలసినవారే. చేతికి అందిన సేవానిధి పెళ్ళి ఖర్చుకో, చిట్టీల వానికో పోకుండ చెప్పే పెద్దలు ఇంటనే ఉండాలి.

చేరబోయే వారి విషయంలో చిన్న పనులే పెద్ద మేలు చేస్తాయి. తెలుగువారు ఇంటిపేరు ముందు వ్రాస్తారు; ఒడియా ఆచారంలో అది చివర వస్తుంది. పదవ తరగతి పత్రంలో ఒక విధం, ఆధార్‌లో మరొక విధం, నివాస ధ్రువపత్రంలో ఇంకొక విధం ఉంటే, పరుగులో గెలిచిన కుర్రవాడు కాగితాల బల్ల దగ్గర ఓడిపోతాడు. పత్రాలను ఏడాది ముందే సరిచేయించుకోవాలి. ఆన్‌లైన్ ప్రవేశ పరీక్షను ఇప్పుడు తెలుగు, ఒడియాలతో సహా 13 భాషలలో వ్రాయవచ్చు. ఏ భాషలో చదివితే ఆ భాషనే ఎంచుకోవడం మేలు. ఆ తరువాత 1.6 కిలోమీటర్ల పరుగు, కడ్డీ పట్టుకొని పైకి లేవడం, తొమ్మిది అడుగుల గుంత దాటడం ఉంటాయి. వీటికి సాధన చేయడానికి లారీలు తిరిగే రోడ్డు కాక, తెల్లవారుజామున తెరచి, దీపం వెలిగించిన మైదానం ఒకటి కావాలి. దళారికి రూపాయి ఇవ్వనక్కర లేదు. కొలువు ఇప్పిస్తానన్నవాడు మోసగాడే.

1971 యుద్ధకాలంలో భారత సాయుధ దళాలకు రాజ్యాంగరీత్యా సర్వసేనాధిపతి రాష్ట్రపతి వి.వి. గిరి. ఆయన ఈ బరంపురంలోనే పుట్టిన తెలుగు బిడ్డ. ఆయన పేరును ఈ నగరం తలచుకుంటూనే ఉన్నది. ఇరవై అయిదేళ్ళు నిండకుండ పెట్టె భుజాన వేసుకొని బరంపురం స్టేషనులో దిగబోయే కుర్రవాని పేరు కూడ ఎవరో ఒకరు తెలిసికొని ఉండాలి. అతడు తలయెత్తుకొని తిరిగే ఊరి నుండే రేపు మరొకడు బయలుదేరుతాడు.

స్వస్తి.