ఊక వేడితో చల్లగది
(మండల రైతు సభలో చేసిన ప్రసంగ పాఠం)



టమాటా ధర పడిపోయిన రోజున సరుకును ఓ పది రోజులు ఆపుకోగలిగితే బాగుండునని అనుకోని వాళ్లు ఇక్కడ లేరు. ఆపాలంటే చల్లగది కావాలి. చల్లగది అనగానే కరెంటు బిల్లు భయపెడుతుంది. కంప్రెసర్ లేకుండా వేడితో నడిచే చల్లగది కూడా ఉంది. నవ్వకండి, ఫ్రాన్సు దేశస్తుడు ఫెర్డినాండ్ కారే 1860 నాటికే ఇలాంటి యంత్రానికి పేటెంటు పొందాడు.

మట్టికుండలో నీళ్లు ఎందుకు చల్లబడతాయి? కుండ చెమర్చి, ఆ తడి ఆవిరవుతూ వేడిని లాక్కుపోతుంది. ఇక్కడ ఆవిరయ్యేది అమ్మోనియా. మన యూరియా తయారయ్యేది దానితోనే. మామూలు గాలి ఒత్తిడిలో అది మైనస్ 33 డిగ్రీలకే మరుగుతుంది. గదిలోని వేడిని తాగి ఆవిరైపోతుంది. ఆ ఆవిరిని మళ్లీ పట్టుకోవాలి కదా? మామూలు యంత్రంలో కంప్రెసర్ దాన్ని పీల్చి నొక్కుతుంది. ఇందులో నీళ్లు పీల్చుకుంటాయి. నీటికి అమ్మోనియా అంటే అంత ఆశ. ఆ నీటిని చిన్న పంపుతో పైకి తోసి కాస్తే అమ్మోనియా విడిపోతుంది, చల్లారి ద్రవమై మళ్లీ గదికి వస్తుంది. కరెంటు ఆ పంపుకూ, ఫ్యాన్లకూ సరిపడితే చాలు.

ఇప్పుడు అమ్మేవాళ్లు చెప్పని లెక్క. ఒక పాలు వేడి పోస్తే వచ్చే చల్లదనం అర పాలు, మహా అయితే ముప్పావు పాలు. కరెంటు కంప్రెసర్ ఒక యూనిట్‌కు మూడింతల దాకా ఇస్తుంది. కాబట్టి కట్టెలు కొని కాలిస్తే నష్టమే. ఉప్పుడు బియ్యం మిల్లు బాయిలర్‌లో ఊక కాల్చగా వృథాగా పోయే వేడి ఉన్నచోటే ఇది గిట్టుబాటు. దాన్ని చల్లార్చడానికి నీళ్లూ బాగా కావాలి. అమ్మోనియా లీకైతే ప్రాణం మీదికొస్తుంది, శిక్షణ పొందిన మనిషి లేకుండా వద్దే వద్దు.

టమాటాకు మరీ చలి పనికిరాదు, 12, 13 డిగ్రీలు చాలు. అంతకు లిథియం బ్రోమైడ్ ఉప్పు నీళ్లతో నడిచే రకం సరిపోతుంది. అందులో అమ్మోనియా ఉండదు.

మన చుట్టుపక్కల ఏ మిల్లు ఏయే నెలల్లో నడుస్తుందో వచ్చే సమావేశానికి రాసుకురండి. టమాటా కోతల నెలలతో సరిచూసుకుందాం.