పెన్షన్ తర్వాత పీటీ

(సంఘం ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠం)

నేను చదివింది ఇంటర్మీడియట్. ఉపన్యాసాలిచ్చే అలవాటు లేదు. స్క్వాడ్ ముందు నిలబడి హిందీలో కేకలు వేయడం మాత్రం బాగా వచ్చు. కార్యదర్శి గారు "సాబ్, ఆరోగ్యం మీద ఓ పది నిముషాలు మాట్లాడండి" అంటే కాదనలేకపోయాను. భోజనాలకు ముందు మాట్లాడిస్తున్నారు కాబట్టి పులిహోర సంగతి కూడా చెప్పక తప్పదు, ఏమీ అనుకోవద్దు.

2015లో 28 ఏళ్ళ సర్వీసు పూర్తి చేసుకుని పెన్షన్ వచ్చాను. అప్పటికి నా వయసు 47. డిశ్చార్జి మెడికల్‌లో షేప్ వన్, బరువు 66 కిలోలు. ఆ తర్వాత మనలో చాలామంది చేసిన పనే నేనూ చేశాను. సెక్యూరిటీ సూపర్‌వైజర్ ఉద్యోగంలో చేరాను. పన్నెండు గంటల డ్యూటీ, అందులో సగం నైట్లు. పొద్దున్నే ఇంటికొచ్చి టిఫిను తిని పడుకోవడం, లేచి భోంచేసి మళ్ళీ పడుకోవడం. నాలుగేళ్ళలో 84 కిలోలు అయ్యాను. "సాబ్ ఒళ్ళు చేశారు, పెన్షన్ బాగా పడుతున్నట్టుంది" అని ఎవరైనా అంటే నవ్వేసేవాణ్ణి.

2019లో మా బ్యాచ్ వాడొకడు పోయాడు. ఇద్దరం ఒకే రోజు సెంటర్‌లో గుండు చేయించుకున్నవాళ్ళం. వాడి వయసు 51. మేనల్లుడిని ఆర్మీ భర్తీకి తయారుచేస్తానని ఒక రోజు తెల్లవారుజామున గ్రౌండుకు తీసుకెళ్ళాడట. ర్యాలీలో పరుగు 1.6 కిలోమీటర్లు కదా, "నేను ముందు పరిగెత్తి చూపిస్తాను, నా వెనకాలే రా" అన్నాడట. అప్పటికి పరుగు మానేసి ఏడెనిమిదేళ్ళయింది. పరుగైతే పూర్తి చేశాడు. ఇంటికొచ్చాక ఛాతీలో బరువుగా ఉందన్నాడు. గ్యాసేమో అని సోడా తాగి పడుకున్నాడు. సాయంత్రానికి లేడు.

నేను వెళ్ళేసరికి పాడె కడుతున్నారు. నలుగురిలో ఒకడిగా నేనూ భుజం పట్టాను. శ్మశానం ఎంతో దూరం లేదు. యాభై అడుగులు వేశానో లేదో రొప్పు వచ్చేసింది, కాళ్ళు వణికాయి. వెనకనుంచి ఒక కుర్రాడు వచ్చి, "మీరు తప్పుకోండి అంకుల్, నేను పడతాను" అన్నాడు. తప్పుకున్నాను. ఒకప్పుడు నా పిట్టూ, నా రైఫిలు మోస్తూ అవసరమైతే పక్కవాడి రైఫిలు కూడా అందుకున్న భుజం ఇది. అలాంటిది చివరిసారి మోయవలసిన నా బ్యాచ్‌మేట్‌ను మోయలేకపోయాను. ఈ మాట ఇన్నాళ్ళు మా ఇంట్లో కూడా చెప్పలేదు.

దినం అయిన మర్నాడే లేచి, పాత పీటీ బూట్లు బయటికి తీసి, ఏకంగా 5 కిలోమీటర్లు అని బయలుదేరాను. మా వాడు చేసిన తప్పే నేనూ చేశానన్నమాట. రెండో కిలోమీటరు దాటకముందే కుడి మోకాలు పట్టేసింది. మూడు వారాలు కింద కూర్చోలేకపోయాను. నా అదృష్టం కొద్దీ మోకాలితో పోయింది.

ఎందుకిలా చేస్తాం మనం? శరీరం పెన్షన్ వచ్చేసింది గానీ మనసు ఇంకా బ్యారక్‌లోనే ఉంది. బీపీఈటీలో రైఫిలుతో 5 కిలోమీటర్లు, ఆ వెంటనే 60 మీటర్ల స్ప్రింటు, తొమ్మిది అడుగుల గుంత, తాడు ఎక్కడం, ఇవన్నీ చేసినవాడికి "పది నిముషాలు నడువు" అని చెబితే అవమానంగా ఉంటుంది. మంచం మీద పడి ఉన్న ఆ మూడు వారాల్లో నాకు మా రిక్రూట్ ట్రైనింగు ఉస్తాద్ గుర్తుకొచ్చాడు. ఎంత కఠినుడైనా మొదటి వారం మమ్మల్ని బీపీఈటీ చేయించలేదు. నడక, కవాతు, చిన్న పరుగు, చేతులు కాళ్ళు ఆడించడం, అంతే. నెలల తర్వాతే భుజం మీద బరువు పెట్టాడు. పద్దెనిమిదేళ్ళ కుర్రాళ్ళకే అంత ఓపిక పట్టినప్పుడు, యాభై దాటిన మనం మనమీద ఎంత ఓపిక పట్టాలి? కాబట్టి సోదరులారా, మీరు సుబేదారైనా సుబేదార్ మేజరైనా ఈ విషయంలో మళ్ళీ రిక్రూటే.

మొదటి పని డాక్టరు దగ్గర హాజరు. 2003 నుంచి మనకు ఈసీహెచ్ఎస్ ఉంది. పాలీక్లినిక్‌కు వెళ్ళి బీపీ, షుగరు, కొలెస్ట్రాల్, ఈసీజీ చూపించుకుని, వ్యాయామం మొదలుపెడుతున్నానని డాక్టరుగారికి చెప్పండి. సర్వీసులో సిక్ రిపోర్టు అంటే నామోషీ పడేవాళ్ళం, ఆ నామోషీ ఇక్కడ వద్దు. షుగరుకు ఇన్సులిన్ గానీ మాత్రలు గానీ వాడేవారు జేబులో నాలుగు గ్లూకోజ్ బిస్కెట్లో కాస్త పంచదారో పెట్టుకుని నడవాలి. వణుకు, చెమట, కళ్ళు తిరగడం అనిపిస్తే ఆగి వెంటనే తినాలి. ఛాతీలో బరువు, ఎడమ చెయ్యికో దవడకో లాగినట్టు ఉండడం, ఊరికే ఆయాసం, చల్లని చెమటలు పట్టడం, వీటిని గ్యాసు అనుకుని సోడా తాగి పడుకోవద్దు. ఆసుపత్రికి పరుగున వెళ్ళవద్దు, స్కూటరు మీరే నడుపుకుంటూ అసలే వెళ్ళవద్దు. ఎవరినైనా పిలిచి వాహనంలో వెళ్ళండి. మా వాడికి ఈ మాట చెప్పేవాళ్ళు ఆ రోజు పక్కన లేరు.

ఇక నడక. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పిన లెక్క ప్రకారం వారానికి కనీసం 150 నిముషాలు ఓ మోస్తరు వ్యాయామం, వారంలో రెండు రోజులు కండరాలకు పని. 150 అంటే రోజుకు అరగంట చొప్పున ఐదు రోజులు. నేను పది నిముషాలతో మొదలుపెట్టాను. వారానికి ఐదు నిముషాలు పెంచాను. వేగం ఎంతుండాలి అంటే, పక్కవాడితో మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. మూడు నెలల వరకు పరుగు జోలికి వెళ్ళలేదు. ఆ తర్వాత ఒక నిముషం జాగింగ్, రెండు నిముషాలు నడక, అలా మార్చి మార్చి చేశాను. 2020లో లాక్‌డౌన్ వచ్చినప్పుడు డాబా మీద గుండ్రంగా తిరిగాను. కింద వాటావాళ్ళు నాకేదో అయిందనుకున్నారు. ఇప్పుడు 57 ఏళ్ళ వయసులో 5 కిలోమీటర్లు కొంత నడిచి, కొంత పరిగెత్తి 45 నిముషాల్లో పూర్తి చేస్తున్నాను. బీపీఈటీలో అయితే ఈ టైముకు ఉస్తాద్ ఏమనేవాడో మీకు తెలుసు. నాకు మాత్రం ఎక్సలెంటే. బరువు 74 దగ్గర ఉంది. 66 ఇక రాదు, రాకపోయినా పర్వాలేదు.

బూట్ల దగ్గర పిసినారితనం వద్దు. పెట్టెలో పదేళ్ళు దాచిన బూటు సోలు రాయిలా బిగిసిపోతుంది. సిమెంటు రోడ్డు కన్నా మట్టి దారి మోకాలికి మేలు. కండరాల పనికి జిమ్ము అక్కరలేదు. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా పదిసార్లు లేచి కూర్చోండి. గోడకు చేతులు ఆనించి పుషప్పులు తీయండి. ఒంటికాలి మీద నిలబడడం సాధన చేయండి, పక్కన పట్టుకోవడానికి గోడ ఉండేలా చూసుకోండి. పెద్ద వయసులో జారిపడి తుంటి ఎముక విరిగితే ఆ కుటుంబం ఎంత అవస్థ పడుతుందో ఇక్కడ చాలామందికి తెలుసు. నైట్ డ్యూటీ చేసే సోదరులు కుర్చీకి అతుక్కుపోకుండా గంటకోసారి రౌండు కొట్టండి, అది డ్యూటీ కూడా. పగలు ఏడు గంటలు నిద్రపోకుండా వ్యాయామం చేస్తే మాత్రం ఒళ్ళు హూనమే.

తిండి సంగతి. లంగర్‌లో మనకు పెట్టిన రేషను రోజంతా ఒళ్ళు వంచేవాడి కోసం. పని పోయింది, ఆ కొలత మాత్రం కంచంలో ఉండిపోయింది. అన్నం మానమని నేననను, తెలుగువాడు మానలేడు కూడా. ముందు కూర, పప్పు, ఒక గుడ్డు తిని తర్వాత అన్నం కలుపుకోండి, రెండోసారి వడ్డన దానంతటదే తగ్గుతుంది. బీపీ ఉన్నవాళ్ళు ఆవకాయను చూసి దండం పెట్టి కొంచెం వేసుకోండి. పులిహోర ఈ రోజు తినండి, రేపటికి డబ్బాలో పట్టుకెళ్ళకండి. క్యాంటీను కోటా ప్రతి నెలా పూర్తిగా తాగి తీరాలని ఏ ఆర్డరులోనూ లేదు. తూకం కన్నా టేపు మంచి సాక్షి. మనవాళ్ళకు నడుము కొలత మగవారికి 90 సెంటీమీటర్లు, ఆడవారికి 80 దాటితే జాగ్రత్తపడాలని డాక్టర్ల మాట.

ఆడవారు అంటే గుర్తొచ్చింది. మనకైనా రోజూ పీటీ ఉండేది. మన వెంట స్టేషను స్టేషనుకు పెట్టెలు సర్దిన మన ఇల్లాళ్ళకు ఏ పీటీ ఉంది? నా నడక మొదలైన నెలకు మా ఇంటావిడ "నేనూ వస్తాను" అంది. వచ్చాక తెలిసింది, ఆవిడకు మోకాళ్ళ నొప్పి రెండేళ్ళుగా ఉందట, నాకు చెప్పలేదు. నేనూ అడగలేదు. ఇప్పుడు ఆవిడ వేగానికే నేను నడుస్తాను, ఆ తర్వాత నా పరుగు నాది.

మనలో యుద్ధంలోనో డ్యూటీలోనో దెబ్బతిని లో మెడికల్ కేటగిరీలో వచ్చినవారున్నారు. "మాకు ఇవన్నీ ఎక్కడ కుదురుతాయి సాబ్" అని ఒక సోదరుడు అన్నాడు. మురళీకాంత్ పేట్కర్ గారు ఈఎంఈ జవాను, 1965 యుద్ధంలో తూటాలు తగిలాయి. 1972లో హైడెల్‌బర్గ్ పారాలింపిక్స్‌లో 50 మీటర్ల ఈతలో దేశానికి బంగారు పతకం తెచ్చారు. మనం పతకాలు తేనక్కరలేదు. కుర్చీలో కూర్చుని చేతులతో చేసే కసరత్తులు ఫిజియోథెరపీ వాళ్ళు నేర్పుతారు, అడగండి.

ఒక్కడివే లేవడం కష్టం, అది నాకు తెలుసు. అలారం మోగితే ఆపేసి పడుకుంటాం, గేటు దగ్గర ఒకడు ఎదురుచూస్తున్నాడంటే లేస్తాం. సర్వీసంతా మనల్ని లేపింది ఆ ఫాలినే. అందుకని వచ్చే ఆదివారం పొద్దున్న ఆరింటికి మన సంఘం ఆఫీసు గేటు దగ్గర నేనుంటాను, మా ఇంటావిడ కూడా ఉంటుంది. మొదటి రోజు పదిహేను నిముషాలే. హాజరు పట్టీ లేదు, లేటుగా వచ్చినా ఎవరూ ఏమీ అనరు. ఆ రోజు నన్ను తప్పుకోమన్న కుర్రాడు, మా వాడి మేనల్లుడు, ఆ మరుసటి ర్యాలీలో భర్తీ అయ్యాడు. ప్రస్తుతం సెలవు మీద వచ్చి ఉన్నాడు, వాడు కూడా వస్తానన్నాడు.

నాకిచ్చిన పది నిముషాలు దాటిపోయాయి. సెలవు. జై హింద్.